మెల్లగ కొట్టి గెలిచినోడు

టెన్నిస్ బాలు ఎరుక లేని పిల్లగాడు మన ఊర్లల్ల ఉండడు. తలా ఇన్ని పైసలు ఏసుకొని కొంటం, దానికి టేపు చుడ్తం, వరి కోసిన మడిల వికెట్లు పాతి క్రికెట్ ఆడ్తం. ఆ బాలు ఏ ఆట కోసం తయారైందో ఆ ఆట మాత్రం మనకు దూరం. అది పట్నంల క్లబ్బు గోడల లోపల ఉంటది. మెంబర్షిప్ ఉన్నోళ్లకే గేటు తీస్తరు. ఇయ్యాల నేను చెప్పబోయేది అసొంటి గేటు బయట పుట్టి, ఆ ఆటల అన్నిటికంటె పెద్ద పోటీ గెలిచిన మనిషి ముచ్చట. పేరు ఆర్థర్ యాష్. అమెరికా నల్లజాతి బిడ్డ. సచ్చిపోయి ముప్పై ఏండ్లు దాటింది.

పాత టెన్నిస్ అభిమానులు నలుగురు ఒక్కకాడ కూసుంటె ఒక మ్యాచి యాదికి రాక మానది. 1975 జులై 5, శనివారం. లండన్‌ల వింబుల్డన్ సెంటర్ కోర్టు. ఒక దిక్కు జిమ్మీ కానర్స్, 22 ఏండ్ల పోరడు, లోకంల నంబర్ వన్. ఇంకో దిక్కు యాష్, ఇంకో ఐదు రోజులైతె 32 నిండుతయి. యాష్ గెలుస్తడని నమ్మినోళ్లు శానా తక్కువ. కని గెలిచింది యాషే. 6-1, 6-1, 5-7, 6-4. వింబుల్డన్ సింగిల్స్ గెలిచిన మొదటి నల్లజాతి మగమనిషి ఆయన. యాభై ఏండ్లు గడిచినయి, రెండో మనిషి ఇంకా రాలె.

ఈ మ్యాచిని యాది చేసుకునేటోళ్లల్ల నాకు రెండు రకాలు కనవడ్తరు. ఒక రకం ఆట పిచ్చోళ్లు. ఏ బంతి ఎటు ఏసిండు, ఎప్పుడు పైకి లేపిండు, గదే ముచ్చట. నడుమల రంగు మాట తెస్తె మొఖం మాడ్చుకుంటరు. ఇంకో రకం నా అసొంటి ఉద్యమాలోళ్లు. నల్లజాతి మనిషి గెలిచిండు అని చప్పట్లు కొడ్తరు, ఎట్ల గెలిచిండో అడిగితె నోరు తెరువరు. నేను చెప్పేది ఏందంటె, ఆ రెండు వేరువేరు ముచ్చట్లు కావు. ఆ దినం కోర్టు మీద ఆయన ఏసిన ఎత్తు ఆయన పుట్టిన వాడ నేర్పిందే. అది తెలువాల్నంటె మొదలు పుట్టుక కాడికి పోవాలె.

పార్కుల పెరిగిన పోరడు

1943 జులై 10న వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్ పట్నంల పుట్టిండు. ఆ పట్నానికి ఒక చరిత్ర ఉన్నది. నల్లజాతోళ్లను బానిసలుగ ఉంచుకోవాలని అమెరికాను చీల్చి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాలకు రిచ్‌మండే రాజధాని. ఓడిపోయినంక సుత ఆ జనరళ్లకు పెద్ద పెద్ద విగ్రహాలు కట్టి, బాటకు మాన్యుమెంట్ అవెన్యూ అని పేరు పెట్టుకున్నరు. బడి వేరు, బస్సుల సీటు వేరు, పార్కు వేరు.

యాష్ నాయిన బ్రూక్ ఫీల్డ్ అనే పార్కుకు కాపలాదారు. అది నల్లజాతోళ్ల కోసం పెట్టిన పార్కు. ఇల్లు ఆ పార్కు లోపలనే. అండ్ల ఈత కొలను, బేస్‌బాల్ ఆడే జాగ, టెన్నిస్ కోర్టులు ఉండె. గడప దాటితె ఆటస్థలం. బక్కపలచటి పోరడు, పుస్తకాల పురుగు. ఆరేండ్ల వయసుల తల్లి సచ్చిపోయింది. ఆమెకు అప్పటికి 27 ఏండ్లే. నాయిన శానా కట్టుదిట్టం మనిషి. బడి విడిచినంక ఇల్లు చేరనీకె ఎన్ని నిమిషాలు పడ్తదో లెక్క గట్టి, అంతకు మించి ఆలస్యం కానిచ్చేటోడు కాదు. నల్లజాతి పోరడు బజార్ల అనవసరంగ నిలవడితె ఏమైతదో ఆయనకు ఎరుక. మన వాడలల్ల తల్లిదండ్రులు పిల్లలకు చెప్పే జాగ్రత్తలు యాదికొస్తున్నయా?

ఆ పార్కుల రాన్ చారిటీ అనే కాలేజి పిల్లగాడు టెన్నిస్ ఆడేటోడు. ఏడేండ్ల యాష్ రోజు నిలవడి చూస్తుంటె దగ్గరికి పిలిచి రాకెట్ పట్టుడు నేర్పిండు. కొన్నేండ్లకు లించ్‌బర్గ్ పట్నంల ఉండే డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ కాడికి తోల్కపోయిండు. ఈ డాక్టర్ సాబు గొప్ప మనిషి. తన ఇంటెనుక కోర్టు కట్టుకొని, ఎండాకాలం సెలవులల్ల నల్లజాతి పిల్లలను ఇంట్ల పెట్టుకొని ఆట నేర్పేటోడు. 1957ల వింబుల్డన్ గెలిచిన మొదటి నల్లజాతి ఆడమనిషి ఆల్తియా గిబ్సన్‌ను తయారు చేసింది సుత ఆయననే.

ఆ డాక్టర్ పెట్టిన కొన్ని నియమాలు ఉన్నయి. నేను ఈ వ్యాసం రాసేదే వాటి కోసం. ఎదుటోడు కొట్టిన బంతి గీత దాటి కొంచెం బయట పడ్డా సరే, లోపలనే పడ్డది అనాలె. అంపైరు తప్పు చెప్పినా నోరు మెదపొద్దు. రాకెట్ ఇసిరికొట్టొద్దు. కోపం వస్తె మొఖం మీద కనవడొద్దు. జాగ మారేటప్పుడు బంతులు ఏరి ఎదుటోని చేతికి ఇయ్యాలె.

ఎందుకు గంత అణిగి ఉండాలె అని మీకు రక్తం మరుగుతది, నాకు సుత మరిగింది. డాక్టర్ లెక్క వేరే ఉండె. తెల్లోళ్ల పోటీలల్లకు నల్లజాతి పిల్లలను రానిచ్చుడే తక్కువ. ఒక్క పోరడు ఒక్కసారి లొల్లి పెట్టుకున్నా చాలు, వీళ్లు ఇంతే అని గేటు మల్ల మూసేస్తరు. ఆ సాకు వాళ్ల చేతికి దొరకొద్దు. అంటె కోపం రానోనికి నేర్పిన నెమ్మది కాదిది. కోపం రావడానికి అన్ని కారణాలు ఉన్న పిల్లలకు, కోపాన్ని దాసుకునుడు నేర్పిన్రు.

మూసిన గేట్లు

రిచ్‌మండ్‌ల బర్డ్ పార్కు అని ఉండె. మంచి కోర్టులు. అవి తెల్లోళ్లకే. యాష్‌ను అక్కడ ఆడనియ్యలె. చలికాలం కప్పు కింద ఆడే కోర్టులల్లకు సుత రానియ్యలె. బడి సదువు ఆఖరి ఏడు సొంత ఊరు ఇడిసి, నూర్ల మైళ్ల దూరంల ఉన్న సెయింట్ లూయిస్ పోయి, ఒక మాస్టారి ఇంట్ల ఉండి సదువుకున్నడు, ఆడుకున్నడు. ఆటకోసం ఊరు ఇడిసినోళ్లు మనల్ల సుత ఉన్నరు, కని ఊర్ల కోర్టులు ఉండి సుత ఇడువాల్సొచ్చిన బాధ వేరు.

అక్కడికెళ్లి కాలిఫోర్నియాల యూసీఎల్‌ఏ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇచ్చి పిలిచింది. 1963ల దేశాల మధ్య జరిగే డేవిస్ కప్‌కు అమెరికా జట్టుల తీసుకున్నరు. ఆ జట్టుల మొదటి నల్లజాతి ఆటగాడు ఆయననే. 1965ల కాలేజీల జాతీయ చాంపియన్ అయ్యిండు. 1966ల డిగ్రీ పట్టా పుచ్చుకున్నడు. ఆనక సైన్యంల ఆఫీసరుగ చేరిండు.

1968 వచ్చింది. అప్పటిదాక పెద్ద పోటీలల్ల పైసలు తీసుకోని అమెచ్యూర్లే ఆడాలె. ఆ ఏడు రూలు మారింది, పైసలకు ఆడే ప్రొఫెషనల్స్ సుత రావచ్చన్నరు. అట్ల మొదలైన మొదటి యూఎస్ ఓపెన్ న్యూయార్క్ ఫారెస్ట్ హిల్స్ గడ్డి మీద జరిగింది. యాష్ ఇంకా సైన్యంల ఉన్నడు కనుక అమెచ్యూరే. ఫైనల్ల నెదర్లాండ్స్ ఆటగాడు టామ్ ఒకర్‌ను ఐదు సెట్లల్ల కొట్టిండు. మొదటి సెట్టే 14-12 దాక పోయింది. గెలిచిన యాష్‌కు దక్కింది దినానికి 20 డాలర్ల బత్తెం. ఓడిన ఒకర్‌కు 14,000 డాలర్లు. రూలు అట్ల ఉండె. బహుమతి ఇచ్చేటప్పుడు నాయినను కోర్టు మీదికి పిలుచుకున్నడు. పార్కు కాపలాదారు కొడుకు పక్కపొంటి నిలవడి కండ్లనీళ్లు పెట్టుకున్నడు.

అప్పట్ల నల్లజాతి కుర్రోళ్లల్ల మంట మీదుండె. ఆ ఏడు ఏప్రిల్‌ల మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన్రు. అక్టోబర్‌ల మెక్సికో ఒలింపిక్స్ మెట్ల మీద టామీ స్మిత్, జాన్ కార్లోస్ పిడికిలి ఎత్తిన్రు. వాళ్ల పక్కన యాష్ శానా మెత్తగ కనవడ్డడు. తెల్లోళ్ల క్లబ్బులల్ల తెల్ల బట్టలేసుకొని మర్యాదగ మాట్లాడే మనిషి అని, మనోడే కాని మనోడు కాదని మాటలు పడ్డడు.

దక్షిణాఫ్రికా లొల్లి

1969ల దక్షిణాఫ్రికా టోర్నమెంట్ ఆడతనని వీసా అడిగిండు. వర్ణవివక్షను చట్టంగ పెట్టుకున్న సర్కారు అది. ఇయ్యమన్నరు. మల్ల అడిగిండు, మల్ల ఇయ్యలె. ఆఖరికి 1973ల ఇచ్చిన్రు. యాష్ కొన్ని షరతులు పెట్టిండు. నేను ఆడేటప్పుడు నల్లోళ్లు, తెల్లోళ్లు కలిసి కూసుండాలె అన్నది అండ్ల ఒకటి. సింగిల్స్ ఫైనల్ల కానర్స్ చేతుల ఓడిండు. డబుల్స్ ఒకర్‌తోని జోడీ కట్టి గెలిచిండు.

అక్కడి నల్లజాతోళ్లల్ల కొందరు మొఖం మీదనే నిలదీసిన్రు. నువ్వు వచ్చుడుతోని ఈ సర్కారుకు మంచిపేరు వస్తది, రాకుంట ఉండాల్సింది అన్నరు. ఇంకోదిక్కు ఎల్లిస్ పార్కు స్టేడియంల ఒక పదమూడేండ్ల పోరడు యాష్‌ను చూసిండు. తెల్లోళ్ల నడుమ జంకు లేకుంట నడిచే నల్ల మనిషిని అప్పటిదాక చూడలేదు. ఆ పోరడే మార్క్ మతబానె. టెన్నిస్ నేర్చుకొని, దాని మీదనే స్కాలర్‌షిప్ దొరికి అమెరికా పోయి, పెద్దయినంక తన బతుకు మీద పుస్తకం రాసి లోకానికంత ఎరుకైండు.

ఇక్కడ మన దేశం మాట ఒకటి చెప్పాలె. ఆ మరుసటేడు, 1974ల, విజయ్ అమృతరాజ్, ఆనంద్ అమృతరాజ్ అన్నదమ్ములు ఉన్న మన జట్టు డేవిస్ కప్ ఫైనల్ చేరింది. ఎదురుగ దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష సర్కారుతోని ఆడమని మన దేశం ఫైనల్‌నే వదిలేసింది. కప్పు ఆడకుంటనే వాళ్లకు పోయింది. ఒకరు లోపలికి పోయి గేటు కదిలియ్యాలని చూసిన్రు, ఇంకొకరు గేటు కాడికే పోమన్నరు. యాష్ తర్వాత తర్వాత మన దేశం పట్టిన తొవ్వకే వచ్చిండు. బహిష్కరణే సరైందని ప్రచారం చేసిండు, గాయకుడు హ్యారీ బెలాఫోంటేతోని కలిసి ఆటగాళ్లు, కళాకారులు దక్షిణాఫ్రికా పోవద్దని సంఘం పెట్టిండు.

గడ్డి మీద ఎత్తుగడ

ఇగ ఆ ఫైనల్ కాడికి వద్దాం. అప్పట్ల టెన్నిస్‌ల గడ్డి రాజ్యం. నాలుగు పెద్ద పోటీలల్ల మూడు, 1974 దాక, గడ్డి మీదనే. ఇప్పుడు వింబుల్డన్ ఒక్కటే మిగిలింది. గడ్డి మీద బంతి పడితె లేవది, జారుతది. వాన పడ్డ తెల్లారి పచ్చిక మీద క్రికెట్ ఆడినోళ్లకు ఇది చెప్పే పని లేదు. మోకాలు కిందికి వచ్చే బంతిని వంగి లేపాలె.

కానర్స్ బలం ఏంది? ఎదుటోడు ఎంత జోరుగ కొడ్తె అంత జోరుగ మల్లేసుడు. ఎడమచేతి వాటం, స్టీలు రాకెట్, బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతోని. ఎదుటోని వేగమే ఆయనకు పెట్టుబడి. 1974ల ఆడిన మ్యాచులల్ల 99 గెలిచి 4 ఓడిండు. ఆ ఏడు వింబుల్డన్ ఫైనల్ల కెన్ రోజ్‌వాల్‌కు ఆరు గేములే ఇచ్చిండు, యూఎస్ ఓపెన్ ఫైనల్ల రెండే ఇచ్చిండు. 1975 వింబుల్డన్ల ఫైనల్ దాక ఒక్క సెట్టు పోగొట్టుకోలె. సెమీఫైనల్ల రాస్కో టానర్ తుపాకి గుండ్ల తీరు సర్వీసులు ఏస్తె, వాటిని అంతకంటె జోరుగ తిప్పికొట్టిండు. యాష్‌తోని అంతకుముందు మూడుసార్లు ఆడితె మూడుసార్లు గెలిచిండు.

ఇద్దరి నడుమ పంచాది సుత ఉండె. ఆటగాళ్ల హక్కుల కోసం 1972ల పెట్టిన ఏటీపీ సంఘంల యాష్ ముందు వరుసల ఉన్నడు, 1974ల అధ్యక్షుడైండు. కానర్స్ ఆ సంఘంల చేరలె, దేశం తరఫున డేవిస్ కప్ ఆడలె. దాన్ని యాష్ రాతలో తప్పుపట్టిండు. కానర్స్ పరువునష్టం దావా ఏసిండు. ఫైనల్ నాటికి ఆ కేసు ఇంకా ఉన్నది. కేసు ఏసినోడు, ఏయించుకున్నోడు ఒకే కోర్టుల నిలవడ్డరు, అది టెన్నిస్ కోర్టు.

యాష్ అసలు ఆట సుత జోరు ఆటనే. దమ్మున్న సర్వీసు, బంతి ఎట్ల వస్తె అట్ల బాదుడు. ఫైనల్ ముందు రాత్రి డొనాల్డ్ డెల్, డెన్నిస్ రాల్‌స్టన్, చార్లీ పసరెల్ అసొంటి దోస్తులతోని కూసొని ఆలోచన చేసిండు. తేల్చుకున్నది ఒక్కటే. కానర్స్‌కు కావాల్సింది వేగం, అది ఇయ్యొద్దు. నెమ్మదిగ, తక్కువ ఎత్తుల ఫోర్‌హ్యాండ్ దిక్కు ఎయ్యాలె. వంగి లేపుడు ఆయనకు ఇబ్బంది. కుడిదిక్కుకెళ్లి సర్వీసు చేసేటప్పుడు బంతిని బయటికి కోయాలె, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌కు అంత దూరం చెయ్యి సాగది. నెట్ కాడికి ఉరికొస్తె నెత్తి మీదికెళ్లి లేపి ఎనుకకు ఏయాలె.

పేస్ బౌలింగ్‌ను సిక్సర్లు కొట్టే బ్యాట్స్‌మన్‌కు స్లో బాల్ ఏస్తె ఏమైతదో మీకు ఎరుకే కదా! బ్యాటు ముందుగాలనే తిరుగుతది. కానర్స్‌కు అదే అయ్యింది. బంతి వచ్చేదాక ఆగలేక పోయిండు, కొట్టినయి నెట్టుకు తాకినయి, గీత దాటినయి. చూస్తుండంగనే రెండు సెట్లు 6-1, 6-1. జాగ మారే విరామంల యాష్ కుర్చీల కూసొని, కండ్లు మూసుకొని, కదలకుంట ఉండేటోడు. చుట్టు వేలమంది, ఎదుట కేసు ఏసినోడు, ఆయన మాత్రం తన లోపల తాను. డాక్టర్ జాన్సన్ నేర్పిన మొఖం అది.

అసలు పరీక్ష మూడో సెట్టుల వచ్చింది. కానర్స్ తేరుకున్నడు, 7-5 గుంజుకున్నడు. నాలుగో సెట్టుల 3-0కు పోయిండు. ఇక్కడ ఎవరికైనా ఏమనిపిస్తది? ఎత్తు పారుతలేదు, మన పాత జోరు ఆట ఆడుదం అనిపిస్తది. యాష్ మార్చలె. అదే నెమ్మది, అదే తక్కువ ఎత్తు, అదే కోత. 3-0 నుంచి సెట్టు 6-4కు తెచ్చుకున్నడు. ఆఖరి పాయింటు సుత గట్లనే, బయటికి కోసిన సర్వీసు, కానర్స్ ఎట్లనో అందుకొని పైకి లేపిండు, యాష్ ఖాళీ జాగల కొట్టిండు. తన దోస్తులు కూసున్న దిక్కు తిరిగి ఒక్కసారి పిడికిలి ఎత్తిండు. ఎన్నో ఏండ్లు దాసుకున్నది ఆ ఒక్క క్షణం కనవడ్డది. తర్వాత కానర్స్ కేసు వాపసు తీసుకున్నడు.

కానర్స్‌కు మొదటి రౌండులనే కాలుకు దెబ్బ తాకిందని, అందుకే ఓడిండని కొందరు అభిమానులు ఇప్పటికి వాదిస్తరు. దెబ్బ తాకిన మాట ఆయనే తర్వాత చెప్పుకున్నడు. కని అదే కాలుతోని సెమీఫైనల్ల టానర్‌ను మూడు సెట్లల్ల ముగించిండు. యాష్ ఎదుట ఆయనకు కరువైంది వేగం.

నెమ్మది అంటె నోరు మూసుకునుడు కాదు

ఇప్పుడు మన ముచ్చట. నేను ఇరవై ఏండ్ల సంది మీటింగులల్ల, ధర్నాలల్ల తిరుగుతున్న. మన పిల్లలను రెచ్చగొట్టి ఆట గెలిచేటోళ్లను శానామందిని చూసిన. కులం పేరు పెట్టి ఒక మాట అంటడు, ఫోన్ల ఒక వీడియో పెడ్తడు. మనోడు రాత్రికి రాత్రి బూతులతోని మల్లేస్తడు. తెల్లారి అన్నోని మీద కేసు ఉండది, మల్లేసినోని మీద ఉంటది. కోర్టుల చుట్టు తిరుగుడు, ఉద్యోగం ఫారం నింపేటప్పుడు భయం. ఎదుటోనికి కావాల్సిందే మన వేగం. అది మనం బంగారు పళ్లెంల పెట్టి ఇస్తున్నం. ఆ నాలుగో సెట్టు నేను పదేపదే చెప్పేది ఇందుకే. ఎదుటోడు ఏ ఆటల బలవంతుడో ఆ ఆట మనం ఆడే పని లేదు.

అయితె ఇంకో మాట సుత చెప్పాలె. యాష్ పేరు చెప్పి, చూడు ఎంత మర్యాదగ ఉన్నడో, మీరు సుత అట్ల నోరు మూసుకొని ఉండుండ్రి అనేటోళ్లు బయలుదేరుతరు. వాళ్ల మాట ఇనకుండ్రి. దెబ్బ తిన్నోడే మర్యాద నేర్వాలె, కొట్టినోడు ఎట్లున్నా నడుస్తది అంటె అది న్యాయం కాదు. యాష్ మీద ఆ నెమ్మది మోపింది వివక్షనే. ఆయన దాన్ని ఆయుధంగ మలుచుకున్నడు, ఆనక దాని గీత దాటిండు కూడ. 1985ల వాషింగ్టన్‌ల దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముంగట నిరసనల అరెస్టయ్యిండు. అప్పటికి ఆయన అమెరికా డేవిస్ కప్ జట్టుకు కెప్టెన్. 1981, 1982ల కప్పు గెలిపించిన కెప్టెన్. 1992ల, రోగంతోని ఒళ్లు చిక్కిపోయినంక, హైతీ దేశం నల్లజాతి శరణార్థులను వాపసు పంపుతున్నరని వైట్‌హౌస్ ముంగట నిలవడి మల్ల అరెస్టయ్యిండు. నెమ్మదిగ ఉండుడు, లొంగి ఉండుడు ఒకటి కాదని ఆ రెండు అరెస్టులు చెప్తయి.

ఆట తర్వాత ఆయన చేసిన పనులు అభిమానులు ఎక్కువ చెప్పుకోరు. 1969లనే దోస్తులతోని కలిసి పట్నాల పేద పిల్లలకు టెన్నిస్ నేర్పే సంస్థ పెట్టిండు. 1971ల ఆఫ్రికాల కామెరూన్ పోయినప్పుడు పదకొండేండ్ల పోరన్ని చూసి, వీన్ని తీసుకపోండ్రి అని ఫ్రాన్స్ టెన్నిస్ పెద్దలకు కబురు పెట్టిండు. ఆ పోరడు యానిక్ నోవా, 1983ల ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిండు. 1977ల న్యూయార్క్ టైమ్స్ పత్రికల నల్లజాతి తల్లిదండ్రులకు బహిరంగ లేఖ రాసిండు. పిల్లలను ఆటస్థలంల ఎంతసేపు ఉంచుతరో దానికి రెండింతలు లైబ్రరీల ఉంచుండ్రి అన్నది దాని సారం. ఆటగాళ్లయ్యేది వేలల్ల ఒక్కరు, మిగతోళ్ల సంగతేంది అని ఆయన బాధ. కాలేజీ మెట్లెక్కకుంట ఊరి లైబ్రరీ బెంచీ మీదనే సదువు నేర్చుకున్న నాకు ఆ లేఖ గురించి చదివినప్పుడు మనసు నిండింది.

కాలేజీల పాఠం చెప్పుదమని నల్లజాతి ఆటగాళ్ల చరిత్ర ఎతికితె సరైన పుస్తకం దొరకలె. ఏండ్లకేండ్లు కూసొని మూడు సంపుటాలు తయారు చేసి 1988ల అచ్చేయించిండు. మన చరిత్ర ఎవలో రాస్తరని ఎదురుచూడలె.

దాసుకున్న రోగం, దాసుకోని మాట

1979ల, 36 ఏండ్లకే గుండెపోటు వచ్చింది. గుండె ఆపరేషన్ చేసిన్రు, ఆట బందయ్యింది. 1983ల రెండో ఆపరేషన్. అప్పుడు ఎక్కించిన రక్తంల హెచ్‌ఐవీ ఉన్నది. ఆ కాలంల రక్తం పరీక్ష చేసే పద్ధతి ఇంకా రాలె. 1988ల బయటపడ్డది. భార్య జీన్ మూతుసామి ఫొటోగ్రాఫరు. ఆమె ఇంటి పేరు మన ముత్తుస్వామే. నాయిన దిక్కోళ్ల మూలాలు గ్వాడలూప్ దీవికి పోయిన భారతీయులవి. వాళ్లకు కెమెరా అని చిన్న బిడ్డ. ఆ బిడ్డ కోసమే రోగం ముచ్చట ఇంట్లోళ్లు, దోస్తుల నడుమనే ఉంచుకున్నరు.

1992ల ఒక పెద్ద పత్రికకు ఈ సంగతి తెలిసింది. వాళ్లు అచ్చేసేకంటె ముందే తానే చెప్పాలని ఏప్రిల్ 8న విలేకర్లను పిలిచిండు. బిడ్డ మాట వచ్చేసరికి గొంతు పూడుకపోయింది. ఆ ముక్క భార్య చదివింది. ఎయిడ్స్ అంటె మనిషిని ఊరవతల పెట్టే రోజులు అవి. మన ఊర్లల్ల సుత ఆ రోగం వచ్చినోళ్ల గ్లాసు వేరే పెట్టిన్రు, పీనుగ మోయనీకె నలుగురు రాలె. యాష్ ఆ చాటుకెళ్లి బయటికొచ్చి, ఎయిడ్స్ మీద పనిచేసే సంస్థ పెట్టిండు, అదే ఏడు డిసెంబర్ 1న ఐక్యరాజ్యసమితిల మాట్లాడిండు. 1993 ఫిబ్రవరి 6న కన్నుమూసిండు. 49 ఏండ్లు.

శవాన్ని రిచ్‌మండ్‌ల గవర్నర్ బంగ్లల జనం చూపుకు పెట్టిన్రు. 1863ల స్టోన్‌వాల్ జాక్సన్ అనే దక్షిణాది జనరల్ శవం తర్వాత ఆ గౌరవం దక్కింది ఈ పార్కు కాపలాదారు కొడుక్కే. తల్లి సమాధి పక్కనే పాతిపెట్టిన్రు. 1996ల మాన్యుమెంట్ అవెన్యూ మీద, ఆ జనరళ్ల వరుసలనే, యాష్ విగ్రహం లేపిన్రు. అక్కడ ఎందుకు అని రెండు దిక్కులకెళ్లి లొల్లి అయ్యింది. 2020, 2021ల నల్లజాతి ఉద్యమం ఎగిసినంక ఆ బాట మీదికెళ్లి జనరళ్లను ఒక్కొక్కరిని దించేసిన్రు. యాష్ మిగిలిండు. ఆ విగ్రహంల చుట్టు పిల్లలు ఉంటరు, ఆయన ఒక చేతుల రాకెట్, ఇంకో చేతుల పుస్తకాలు. పుస్తకాల చెయ్యే పైకి ఉంటది.

మన ఊర్లల్ల క్రీడా ప్రాంగణం అని బోర్డులు నిలవెట్టిన్రు. మీ ఊరి బోర్డు ఎనుక ఆడే జాగ ఉన్నదా, గడ్డి మొలిచిందా, గేదెలు మేస్తున్నయా, పోయి చూసి రాండ్రి. గ్రంథాలయం అని రాసిన అర్ర ఏ దినం తెరుస్తరో అడుగుండ్రి. పేపరు మీద రాసుకొని, పేరు కింద సంతకం పెట్టి, వచ్చే గ్రామసభల నిలవడి అడుగుండ్రి. ఎవలన్న ఎకసెక్కం చేస్తరు, మాట మీదికి మాట రావాలని చూస్తరు. బంతి నెమ్మదిగ, తక్కువ ఎత్తుల ఏయుండ్రి.